బ్లాక్‌చైన్‌లో ఉన్నది బొమ్మా, చిరునామానా?

సంపాదకులకు నమస్కారం.

డిజిటల్ కళ మీద ఈమధ్య పత్రికల్లో వార్తలు తరచుగా వస్తున్నాయి. వేలంలో ఎంత పలికింది, తర్వాత ధర ఎంత పడిపోయింది అన్న లెక్కలే వాటిలో ఎక్కువ. కొన్నవాళ్ల చేతికి నిజంగా ఏం వచ్చిందన్న సంగతి ఎవరూ రాయడం లేదు. నేను ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ గ్రాఫిక్స్ చెబుతాను. కోడ్ రాసి త్రీడీ బొమ్మలు పుట్టించే పిల్లల మధ్యే నా పని. అందుకే ఈ ఉత్తరం.

బ్లాక్‌చైన్ అంటే చాలా కంప్యూటర్లలో ఒకేలా దాచి ఉంచే లెక్కల పుస్తకం లాంటిది. ‘బ్లాక్‌చైన్‌లో శాశ్వతంగా ఉంటుంది’ అని అమ్ముతున్న త్రీడీ బొమ్మల్లో చాలావాటికి బ్లాక్‌చైన్‌లో బొమ్మే ఉండదు. ఒక నంబరు, అది ఎవరి పేరున ఉందన్న నమోదు, బొమ్మ దొరికే ఇంటర్నెట్ చిరునామా, ఇంతవరకే ఉంటాయి. ఈ నమోదునే టోకెన్ అనీ, ఎన్‌ఎఫ్‌టీ అనీ అంటారు. బొమ్మ ఏదో కంపెనీ సర్వర్‌లో ఉంటుంది. ఆ కంపెనీ సర్వర్ అద్దె కట్టడం మానేసిన రోజున కొన్నవాళ్ల పరిస్థితి, పట్టాదారు పాస్‌పుస్తకం బీరువాలో పదిలంగా ఉండగా పొలాన్ని ఏరు కోసుకుపోయినట్టే.

ఇలా జరిగింది కూడా. 2022 నవంబరులో క్రిప్టో కరెన్సీల మారకం జరిపే ఎఫ్‌టీఎక్స్ దివాలా తీశాక, ఆ సంస్థ సర్వర్ల మీద ఆధారపడిన ఎన్‌ఎఫ్‌టీల బొమ్మలు తెరుచుకోవడం మానేశాయి. 2025 ఏప్రిల్‌లో క్లోన్‌ఎక్స్ వంతు వచ్చింది. నైకీ కొనుక్కున్న ఆర్‌టీఎఫ్‌కేటీ అనే సంస్థ చేసిన త్రీడీ మనుషుల బొమ్మలవి, దాదాపు 20 వేలు. ఒకరోజు వాటి స్థానంలో సర్వర్ సేవల నిబంధనలు ఉల్లంఘించారన్న నోటీసు కనిపించింది. తర్వాత బొమ్మలు తిరిగి వచ్చాయి. పెద్ద కంపెనీ కాబట్టి గొడవ అయింది, సరిచేశారు. చిన్న సైట్లలో కొన్నవాళ్ల మాట ఎవరు వింటారు? మా విద్యార్థి ఒకడు ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుతో, మెల్లగా తిరిగే ఒక త్రీడీ శిల్పం కొన్నాడు. ఆ సైటు మూతపడింది. టోకెన్ ఇప్పటికీ అతని డిజిటల్ వాలెట్‌లో ఉంది, నొక్కితే ఖాళీ తెర వస్తుంది. ధర పోయిందని ఆ అబ్బాయి అనలేదు. “చూసుకోవాలని కొన్నాను సార్, చూడటానికి కూడా లేదు” అన్నాడు.

మొత్తం కళనే బ్లాక్‌చైన్‌లో దాచలేమా అంటే, దాచవచ్చు. దానికి చాలా శ్రమ ఉంది, ఆ శ్రమ ఎలాంటిదో పాఠకులకు తెలియాలి. ఈథీరియం అనే బ్లాక్‌చైన్‌లో 32 బైట్ల గడి ఒకటి కొత్తగా నింపడానికి 20 వేల యూనిట్లకు పైగా ‘గ్యాస్’ (అక్కడ కట్టే రుసుమును కొలిచే యూనిట్) ఖర్చవుతుంది. అంటే ఒక్క కిలోబైటుకే 6 లక్షల 40 వేల యూనిట్లకు పైగా. కాంట్రాక్ట్ (బ్లాక్‌చైన్‌లోనే నడిచే ప్రోగ్రాం) కోడ్ రూపంలో దాస్తే కొంత చవక, కానీ ఒక్కో కాంట్రాక్ట్ 24,576 బైట్లు దాటకూడదు. కాస్త వివరంగా చేసిన త్రీడీ మోడల్ ఫైలు పదుల మెగాబైట్లు ఉంటుంది. దాన్ని ఉన్నదున్నట్టు ఎక్కించడం అయ్యే పని కాదు. అందుకని ఈ కళాకారులు బొమ్మను పక్కనపెట్టి, బొమ్మ ఎలా ఏర్పడాలో చెప్పే సూత్రాన్ని దాచుతారు. శిఖరం ఎంత ఎత్తు లేవాలి, వెలుగు ఏ వైపు నుంచి పడాలి, కెమెరా ఎక్కడ నిలబడాలి అన్నవన్నీ కొన్ని కిలోబైట్ల కోడ్‌లో ఇమిడ్చేస్తారు. కొనే క్షణంలో పుట్టే 64 అక్షరాల హ్యాష్ (అంకెలు, అక్షరాలు కలిసిన ఒక గుర్తు) ఆ కోడ్‌కు విత్తనం అవుతుంది. ఏ రూపం వస్తుందో రాసిన మనిషికి కూడా ముందు తెలియదు. అదే హ్యాష్ మళ్లీ ఇస్తే మాత్రం అదే రూపం మళ్లీ వస్తుంది. ఒక్క బైటు వృథా కాకుండా ఇంత రాయడానికి పట్టే నేర్పు నాకు తెలుసు. అందుకే ఈ కళంటే నాకు గౌరవం.

2019లో లార్వా ల్యాబ్స్ అనే సంస్థ చేసిన ఆటోగ్లిఫ్స్ అనే బొమ్మలు ఈ దారిలో తొలి అడుగుల్లో ఒకటి. అవి 512. గీసే కోడ్ కాంట్రాక్ట్‌లోనే ఉంది. వాటిలో ఒకదాన్ని పారిస్‌లోని పాంపిడూ సెంటర్ అనే కళా మ్యూజియం 2023లో తన సేకరణలోకి తీసుకుంది. అవి రెండు కొలతల బొమ్మలు. మూడో కొలతను చేర్చి చూపించినది 2021 డిసెంబరులో వచ్చిన మ్యాథ్‌క్యాజిల్స్ అనే బృందం చేసిన టెర్రాఫార్మ్స్. 20 అంతస్తుల ఒక ఊహాలోకం. అందులో ఏ చోట నేల ఎంత ఎత్తుందో కాంట్రాక్టే లెక్కగడుతుంది. అడగాలే గానీ పేజీ మొత్తాన్ని అదే కట్టి ఇస్తుంది, మధ్యలో ఏ కంపెనీ సర్వరూ లేదు. త్రీడీ పనికి అందరూ వాడే త్రీ.జేఎస్ అనే సిద్ధంగా రాసి ఉన్న కోడ్ లైబ్రరీని కూడా కుదించి ఈథీరియంలోకి ఎక్కించినవారున్నారు.

ఇంత చేసినా, బొమ్మను కంటికి చూపించేది చూసేవారి బ్రౌజరు, గ్రాఫిక్స్ కార్డే. రెండు మెషీన్ల మధ్య చిన్న చిన్న తేడాలు వస్తాయి. ముందు ముందు బ్రౌజర్లు మారితే ఎవరో ఒకరు పూనుకుని నడిపించాలి. కానీ కోడ్ ఉంటే నడిపించవచ్చు. చనిపోయిన లింకుతో ఎవరూ ఏమీ చేయలేరు.

ఇప్పుడు మన ప్రభుత్వం సంగతి. 2022 ఏప్రిల్ 1 నుంచి ఎన్‌ఎఫ్‌టీలు ‘వర్చువల్ డిజిటల్ ఆస్తులు’. అమ్మితే వచ్చిన లాభంపై 30 శాతం పన్ను. నష్టం వస్తే దాన్ని వేరే ఆదాయంలో తగ్గించుకునే వీల్లేదు. అదే ఏడాది జులై నుంచి 1 శాతం టీడీఎస్ కూడా ఉంది. ఆస్తి అని పన్ను తీసుకుంటున్నప్పుడు, ఆ ఆస్తి ఎక్కడుందో అమ్మేవాళ్ల చేత చెప్పించాల్సిన బాధ్యత ప్రభుత్వానికి లేదా? ఎన్‌ఎఫ్‌టీ ప్రకటనల్లో వేయాలని ప్రకటనల ప్రమాణాల మండలి (ఏఎస్‌సీఐ) పెట్టిన హెచ్చరిక ఒకటి ఉంది గానీ, అది నియంత్రణ లేదని, నష్టం రావచ్చని చెబుతుంది. కొన్న వస్తువే కనిపించకుండా పోవచ్చని చెప్పదు.

కొత్త చట్టం అక్కర్లేదు. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాలు డిజిటల్ ఉత్పత్తులకూ వర్తిస్తాయి. మన దేశంలోని కొనుగోలుదారులకు క్రమం తప్పకుండా అమ్మే విదేశీ సైట్లకూ వర్తిస్తాయి. సరుకు ఏ దేశానిదో చెప్పాలని అందులో ఇప్పటికే ఉంది. అలాగే బొమ్మ గానీ దాని కోడ్ గానీ ఎక్కడ దాచారు, దాన్ని మార్చే అధికారం ఎవరి చేతిలో ఉంది, సైటు మూతపడితే ఏమవుతుంది అన్నవి కూడా ధర పక్కనే, తెలుగుతో సహా కొనేవారికి అర్థమయ్యే భాషలో రాయాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఆదేశించాలి. నిజాయితీగా మొత్తం కోడ్‌ను ఎక్కించిన కళాకారులకు దీనివల్ల గుర్తింపు వస్తుంది. లింకు మాత్రమే అమ్ముతున్నవాళ్లు ఆ మాట ఒప్పుకుని అమ్ముకోవచ్చు.

మీకూ ఒక విన్నపం. ఇకమీదట ఏదైనా డిజిటల్ కళాఖండం ధర గురించి వార్త వేసినప్పుడు, అది ఎక్కడ నిల్వ ఉందో ఒక్క వాక్యం చేర్చండి. మా పిల్లలు కొనేముందు చదివేది ఆ వార్తలే.

ఇట్లు,
కంప్యూటర్ గ్రాఫిక్స్ అధ్యాపకుడు,
గుంటూరు