పది గోల్స్ తిన్నా రహీం సాబ్‌ని పంపేయలేదు

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ క్రీడల పేజీలో భారత ఫుట్‌బాల్ కోచ్ గురించి వచ్చిన వ్యాసం చదివాను. ఆ రోజే రాయాల్సింది. కోపం మీద రాస్తే మాట జారుతుందని నాలుగు రోజులు ఆగాను. కోపమైతే తగ్గలేదు.

ఖాలిద్ జమీల్‌ని తీసేయాలి, మళ్లీ విదేశీ కోచ్‌ని తెచ్చుకోవాలి. ఆ వ్యాసం మొత్తం చెప్పింది ఇదే. 2025 నవంబర్ 18న ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో 0-1తో ఓడిన దగ్గర్నుంచి ఎక్కడ చూసినా ఇదే చర్చ. ఆ ఓటమి నన్నూ బాధపెట్టింది. 22 ఏళ్ల తర్వాత వాళ్లు మనల్ని ఓడించారు. అంతకన్నా పెద్ద దెబ్బ అక్టోబర్ 14న మడ్గావ్‌లో తగిలింది. సింగపూర్ మీద ముందు గోల్ మనమే కొట్టి, చివరికి 1-2తో ఓడి, 2027 ఆసియా కప్ ఆశ పోగొట్టుకున్నాం. ఆ రాత్రి మా ఇంట్లో నేను ఎవరితోనూ మాట్లాడలేదు.

కానీ ఖాలిద్ బాధ్యత తీసుకున్నది ఆగస్టులో. అప్పటికే అదే ఆసియా కప్ అర్హత గ్రూపులో షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్‌తో డ్రా, హాంకాంగ్‌లో ఓటమి మన ఖాతాలో పడి ఉన్నాయి. అవి అంతకు ముందు కోచ్ మార్కెజ్ హయాంలోవి. సగం మునిగిన పడవని ఒకాయన చేతికిచ్చి, ఎందుకు ఒడ్డుకి చేర్చలేదని అడుగుతున్నాం. అదే ఖాలిద్ వచ్చి నెల దాటిన కొద్ది రోజుల్లోనే సెంట్రల్ ఆసియా టోర్నీలో ఒమన్‌ని పెనాల్టీల్లో ఓడించి మూడో స్థానం తెచ్చాడు. ఆ సంగతి మీ వ్యాసంలో ఒక్క ముక్క కూడా లేదు.

నేను ఆడే, ఆడించే గ్రౌండు పక్కనే చాయ్ బండి ఉంది. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి అక్కడ చేరేవాళ్లంతా ఏదో ఒక కాలంలో బంతి తన్నినవాళ్లే. రెండు వర్గాలయ్యారు. ఒకాయన అంటాడు: "మనోడితోటి ఏమైతది సార్, ఫారిన్ కోచ్ గావాలె." ఇంకొకాయన ఇదివరకు రెండుసార్లు మన కోచ్‌గా చేసిన కాన్‌స్టాంటైన్‌ని మూడోసారి పిలవమంటాడు. ఇంకో పెద్దాయన సంజయ్ సేన్ పేరు ఎత్తుతాడు, ఎందుకంటే 2024 డిసెంబర్ 31న మన గచ్చిబౌలిలోనే ఆయన శిక్షణలో బెంగాల్ జట్టు కేరళని ఓడించి, రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ ఎత్తుకుపోవడం మేమంతా చూశాం. వాదన ఎంత దూరం పోతుందంటే చాయ్ చల్లారిపోతుంది. నాకు ఆ వాదన ఇష్టమే. ఈ ఊళ్లో ఇంకా ఫుట్‌బాల్ గురించి గొంతు పెంచి మాట్లాడేవాళ్లున్నారన్న సంతోషం. బాధ ఎక్కడంటే, ఏ వర్గమూ అడగని ప్రశ్న ఒకటుంది: వచ్చేవాడికి ఎన్నేళ్లు ఇస్తాం?

2012 నుంచి వరసగా చూడండి. కోవర్మాన్స్, కాన్‌స్టాంటైన్, స్టిమాచ్, మార్కెజ్. అందరూ బయటివాళ్లే. ఇందులో కాన్‌స్టాంటైన్ ఫిఫా ర్యాంకుల్లో 173లో ఉన్న జట్టుని 96కి తెచ్చాడు. ఆయనకి నాలుగేళ్లు దొరికాయి. స్టిమాచ్‌కి 2026 దాకా ఒప్పందం పొడిగించి, 2024 జూన్‌లో తీసేసి, తర్వాత 4 లక్షల డాలర్లు పరిహారం కట్టారు. ఆ డబ్బుతో ఎన్ని జిల్లాల్లో పిల్లలకి టోర్నమెంట్లు పెట్టొచ్చో లెక్క వేసుకోండి. మార్కెజ్ మంచి కోచ్, మన హైదరాబాద్ ఎఫ్‌సీకి లీగ్ గెలిపించిన మనిషి, నేను ఆయన్ని అభిమానిస్తాను. అయినా గోవా క్లబ్బునీ దేశం జట్టునీ ఒకేసారి ఆయన చేతిలో పెట్టడం ఎవరి ఆలోచన? 8 మ్యాచుల్లో ఒక్కటే గెలిచాం, అదీ మాల్దీవుల మీద. గచ్చిబౌలిలో మలేసియాతో 1-1 మ్యాచ్ నేను స్టాండ్‌లో కూర్చుని చూశాను. కలిసి ప్రాక్టీసు చేసిన జట్టులా లేదు.

ఈసారి 170 దరఖాస్తులు వచ్చాయి. మాజీ ఆటగాడు విజయన్ గారి సాంకేతిక కమిటీ వాటిలోంచి కాన్‌స్టాంటైన్, స్లొవేకియా కోచ్‌గా చేసిన టార్కోవిచ్, ఖాలిద్ అని ముగ్గుర్ని తేల్చింది. ఆగస్టు 1న ఖాలిద్ పేరు ప్రకటించారు. 13 ఏళ్ల తర్వాత మన దేశం మనిషి. మీ వ్యాసం ఆయన్ని "ఖర్చు తక్కువ కాబట్టి పెట్టుకున్నారు" అని ఒక్క వాక్యంలో తేల్చేసింది. అక్కడే నాకు ఒళ్లు మండింది.

ఖాలిద్ ఏం చేశాడో తెలుసా అండీ? 2016-17లో మిజోరం జట్టు ఐజ్వాల్ ఎఫ్‌సీకి కోచ్. అంతకు ముందు సీజన్లో కింది డివిజన్‌కి జారిపోయి, ఎలాగో మళ్లీ చోటు దొరికిన జట్టు అది. పెద్ద పేర్లు లేవు, డబ్బు లేదు. ఆ కుర్రాళ్లతో అప్పట్లో దేశంలో పెద్ద లీగ్ అయిన ఐ-లీగ్ గెలిచాడు. కోల్‌కతా పెద్ద క్లబ్బులు చూస్తుండగా మిజోరం గెలిచింది. తర్వాత నార్త్‌ఈస్ట్ యునైటెడ్‌ని ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ప్లేఆఫ్‌కి తీసుకెళ్లాడు, అంతవరకు ఏ భారతీయ కోచ్ చేయని పని. 2024-25 సీజన్లో జంషెడ్‌పూర్‌ని సెమీఫైనల్ దాకా తెచ్చాడు. తక్కువ ఉన్న చోట ఎక్కువ రాబట్టినవాణ్ణి తక్కువ ఖర్చు మనిషి అని రాయడం ఏం న్యాయం?

ఇప్పుడు మా ఊరి మాట చెప్తాను, ఎందుకంటే మీ పత్రిక అచ్చయ్యేది ఈ ఊళ్లోనే. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడింది. చలిలో, ఎక్కువమంది బూట్లు లేకుండా ఆడారు. కోచ్ ఎవరు? హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్. బళ్లో పాఠాలు చెప్పిన మనిషి. ఆ రోజుల్లో ఇప్పటి లెక్క ఉంటే విమానం దిగేలోపు ఆయన పని అయిపోయేది. పంపేయలేదు. ఆ ఓటమి తర్వాత బూట్లు తప్పనిసరి చేశారు. నాలుగేళ్లు తిరిగేసరికి మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాని వాళ్ల గడ్డ మీదే 4-2తో కొట్టి సెమీఫైనల్‌కి చేరాం. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికర్, అమ్ముగూడ బలరాం, ఆ జట్టునిండా మన వీధుల్లో పెరిగినవాళ్లే. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి ఏషియన్ గేమ్స్ బంగారం తెచ్చినప్పుడు రహీం సాబ్‌కి కేన్సర్. మరుసటి సంవత్సరం జూన్‌లో పోయారు. 1950 నుంచి ప్రాణం పోయేదాకా ఆ బాధ్యత ఆయనదే. పదమూడేళ్లు. ఖాలిద్‌కి మనం ఇస్తామంటున్నది నాలుగు నెలలు.

నాకు ఆట నేర్పిన సార్ చిన్నప్పుడు రహీం సాబ్ శిక్షణ ఇచ్చే హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ప్రాక్టీసు గట్టు మీద కూర్చుని చూసేవారట. 1950 నుంచి 54 దాకా వరసగా అయిదేళ్లు, అప్పట్లో దేశంలో పెద్ద టోర్నీల్లో ఒకటైన రోవర్స్ కప్ గెలిచిన జట్టు అది. బలం లేని కాలితోనే ఆడాలని రహీం సాబ్ పోటీలు పెట్టేవారు. మా సార్ దగ్గర నేర్చుకుని నేనూ మా పిల్లలతో అదే చేయిస్తాను. కుడి కాలు తగిలితే ఫౌల్. మొదట్లో పడిపోతారు, ఏడుస్తారు, పదిహేను రోజులకి ఎడమ కాలు మాట వింటుంది. పోయిన వారం ఒక బాబు వాళ్లన్న బూట్లు వేసుకొచ్చాడు. రెండు సైజులు పెద్దవి. వేళ్ల దగ్గర న్యూస్‌పేపర్ కుక్కి, లేసుని అరికాలి కిందనుంచి రెండు చుట్లు తిప్పి కట్టాడు. ఆ ఎడమ కాలితో కొట్టిన బంతి నేరుగా రెండు ఇటుకల మధ్యలోకి పోయింది. మా గోల్‌పోస్ట్ ఆ ఇటుకలే.

ఆ గ్రౌండుని నవంబర్‌లో రెండు వారాలు మేళాకి ఇచ్చారు. వాళ్లు పోయాక కర్రలు పాతిన గుంతలు అలాగే వదిలేశారు. ఆఫీసుకి నాలుగుసార్లు తిరిగాను, "పై సార్ లేరు" అన్నారు. ఒక పిల్లవాడి కాలు గుంతలో పడి మడమ బెణికాక, మేమే తట్టలతో మట్టి మోసి పూడ్చుకున్నాం. ఎవరి పేరూ రాయను, రాసినా ఏమీ కాదని తెలుసు. నేను పీఈటీగా చేసిన 31 ఏళ్లూ ఇదే తంతు. పదో తరగతి పిల్లలకి డిసెంబర్ దాటితే ఆటల పీరియడ్ ఉండదు, లెక్కల సార్ తీసుకుంటారు. పిల్లలు కిటికీలోంచి నన్ను చూసేవాళ్లు. విజిల్ జేబులో పెట్టుకుని స్టాఫ్ రూములో కూర్చునేవాణ్ణి.

2025 డిసెంబర్ 13న మెస్సీ వచ్చాడు. ఉప్పల్ స్టేడియంలో జనం, వేలు పోసి కొన్న టికెట్లు, ముఖ్యమంత్రి గారు కూడా బంతి తన్నారు. మా మనవడు వెళ్లొచ్చి రాత్రంతా అదే చెప్పాడు, వాడి సంతోషం నేను కాదనను. కానీ అదే ఊళ్లో 2022లో ఐఎస్ఎల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. ఎంతమంది బాధపడ్డారు? మీ పేజీలో ఆ వార్త ఎన్ని లైన్లు వేశారో ఒకసారి తిరగేసి చూడండి. ఇక దేశం మొత్తానికి చూస్తే, మామూలుగా సెప్టెంబర్‌లోనో అక్టోబర్‌లోనో మొదలయ్యే ఐఎస్ఎల్ 2025లో డిసెంబర్ చివరికొచ్చినా మొదలు కాలేదు. లీగ్ వాణిజ్య హక్కుల టెండర్‌కి ఒక్కరూ రాలేదు. సూపర్ కప్ లాంటి ఒకటీ రెండూ తప్ప అప్పటిదాకా ఆటగాళ్లకి పోటీ మ్యాచులు లేవు. మ్యాచ్ ప్రాక్టీసు లేని కాళ్లని ఖాలిద్ కాదు కదా, ఎవరు వచ్చినా ఏం చేయగలరు? ఫెడరేషన్ పెద్దల్ని అడగాల్సిన ఈ మాట వదిలేసి, కోచ్ ఏ దేశం వాడని చర్చ పెట్టారు.

బలరాం గారు 2023 ఫిబ్రవరిలో కోల్‌కతాలో పోయారు. రెండు ఒలింపిక్స్ ఆడిన మనిషికి అర్జున తప్ప ఏ పద్మమూ రాలేదు. అమ్ముగూడలో ఆయన పేరు చెప్తే ఇప్పటి పిల్లలు ఎవరని అడుగుతున్నారు. అది పిల్లల తప్పని నేననను.

ఖాలిద్‌కి కనీసం రెండేళ్లు వదలండి. ఆ తర్వాత నచ్చకపోతే నేనే మీకు ఉత్తరం రాస్తాను.

ఇంకొక్కటి. మీ వ్యాసం చివర్లో రహీం సాబ్ జట్టు మెల్‌బోర్న్‌లో కాంస్యం గెలిచిందని వేశారు. గెలవలేదు. సెమీస్‌లో యుగోస్లావియా చేతిలో 4-1తో, కాంస్యం మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 3-0తో ఓడి నాలుగో స్థానంలో నిలిచాం. వచ్చే ఆదివారం అదే పేజీలో సవరణ వేయగలరు.

ఇట్లు
ఒక రిటైర్డ్ పీఈటీ,
బొల్లారం, సికింద్రాబాద్