పాత బ్రిడ్జి మీద పచ్చదనం: ముందు మట్టి సంగతి చూడండి

సంపాదకులకు,

రాజమహేంద్రవరంలో గోదావరి మీదున్న పాత రైలు వంతెన హేవలాక్ బ్రిడ్జినీ, దాన్ని అంటిపెట్టుకుని ఉన్న పాత రైలు కట్టనూ పచ్చని నడకబాటగా మార్చాలన్న మాట ఏళ్లుగా నలుగుతోంది. 2027 పుష్కరాల లోపు పని కావాలని ఊరంతా కోరుకుంటోంది. కానీ చర్చంతా దీపాలు, తినుబండారాల కొట్ల చుట్టూనే తిరుగుతోంది. మొదటి ఖర్చు మట్టి పరీక్షకు పెట్టాలి.

1900 నుంచి 1997 దాకా రైళ్లు నడిచిన దారి అది. అందులో చాలా కాలం బొగ్గు ఇంజిన్లదే. ఇలాంటి నేలలో కంకర కింద బొగ్గు బూడిద, ఇంజిన్ నూనె, చెక్క స్లీపర్లకు పట్టించిన తారు మందు, కలుపు మందులు పేరుకుని ఉంటాయి. సీసం, ఆర్సెనిక్ లాంటి విషాలు ఉన్నాయో లేవో కంటితో చూస్తే తెలియదు. కట్ట పొడవునా ప్రతి 50 మీటర్లకు ఒక గొయ్యి తవ్వాలి. పై 15 సెంటీమీటర్ల మట్టినీ, మీటరు లోతు మట్టినీ విడివిడిగా పరీక్షకు పంపాలి. ఇంజిన్లు ఆగిన చోట గోతులు ఇంకా దగ్గరగా ఉండాలి. ఖర్చు తగ్గుతుందని నమూనాలన్నీ ఒకే సంచిలో కలిపితే విషం ఉన్న చోటు మంచి మట్టిలో కలిసి దాక్కుంటుంది.

చెడ్డ మట్టి ఎత్తేశాక మిగిలిన చోట జియోటెక్స్‌టైల్ గుడ్డ (మట్టి పొరల్ని వేరుచేసే గట్టి గుడ్డ) పరిచి, పైన కనీసం 60 సెంటీమీటర్ల శుభ్రమైన మట్టి పోయాలి. రేపు కేబుల్ కోసం తవ్వేవాడికి ఎక్కడ ఆగాలో ఆ గుడ్డే చెబుతుంది. పాత స్లీపర్లతో బెంచీలు చేయించడం అందంగానే ఉంటుంది గానీ, ఎండకు ఆ తారు పిల్లల ఒంటికి అంటుతుంది. వాటిని తగలబెట్టడం అంతకంటే ప్రమాదం.

ఇక బ్రిడ్జి. 150 అడుగుల చొప్పున 56 ఖానాలు, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాలు. 3 మీటర్ల వెడల్పున 45 సెంటీమీటర్ల మట్టి పోస్తే తడిసినప్పుడు ఒక్కో ఖానా మీద దాదాపు 110 టన్నులు పడుతుంది. రైలు బరువు నిమిషాల్లో దాటిపోయేది, ఈ బరువు కదలదు. పైగా తడి మట్టి ఆనిన ఇనుము లోపల్లోపలే తుప్పు పడుతుంది. అందుకే గర్డర్ల మీద మడులు కట్టకూడదు. అడుగున గాలి ఆడేలా కాళ్లున్న తొట్లు పెట్టి, కోనసీమ కొబ్బరి పొట్టు కలిపిన తేలిక మిశ్రమం నింపి, డ్రిప్ వేస్తే చాలు. మొక్కలకు నర్సరీల ఊరు కడియం పక్కనే ఉంది. కోనోకార్పస్ మాత్రం వద్దు. కట్ట వాలుకు వట్టివేరు, కింద నేల మీద కానుగ, నేరేడు బాగుంటాయి.

రాతి స్తంభాల పగుళ్లలో మొలిచే రావి మొక్కల్ని పైపైన నరికితే ఇంకా బలంగా చిగురిస్తాయి. వేరు చంపి, పగులు సున్నపు గచ్చుతో పూడ్చాలి. పాత ఇనుప వంతెనలకు సీసపు రంగు వేయడం మామూలు కాబట్టి, పరదాలు కట్టకుండా గీకితే ఆ పొడి నేరుగా గోదావరిలో పడుతుంది. ఊరు తాగే నీళ్లవే.

ఒడ్డున పెట్టే కరెంటు పెట్టెల్ని 1986 వరద మట్టానికి పైన బిగించాలి. మొదటి మూడు వేసవులు నీళ్లు పోసేది ఎవరో, కట్ట పక్క కాలువ పూడిక తీసేది ఎవరో టెండరు కాగితంలోనే రాయాలి.

– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం