వార్షిక నివేదిక 2024–25: వీరాపురం పక్షుల బాట

మన బెంగళూరు తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతి ముగ్గుల పోటీ, పిల్లల తెలుగు తరగతులు, రక్తదాన శిబిరం ఎప్పటిలాగే జరిగాయి. ఫోటోలు గ్రూపులో ఉన్నాయి. ఈసారి ఎక్కువ చోటు వీరాపురంలో మనం వేసిన పక్షుల బాటకే, అంటే కొంగలను చూస్తూ నడిచే దారికే, ఇస్తున్నాను.

బెంగళూరు నుంచి హైదరాబాదు రోడ్డులో వెళ్లి, కొడికొండ చెక్‌పోస్టు దగ్గర లేపాక్షి వైపు తిరిగితే చిలమత్తూరు మండలం. వీరాపురం అందులోదే. ఏటా ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊళ్లోని చింతచెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లలు ఎగిరేదాకా ఉండి, వానాకాలంలో వెళ్లిపోతాయి. వీటిని సైబీరియా పక్షులంటారు. మన పాత కరపత్రంలోనూ అలాగే అచ్చేశాం. అది తప్పు. ఇవి మన దేశపు కొంగలే. నీళ్లు, చేపలు, గూటికి అనువైన చెట్లు ఎక్కడుంటే అక్కడికి చేరతాయి. కొత్త బోర్డుల మీద సరిదిద్దాం.

బాటను చెరువు కట్ట మీద మొదలుపెట్టి చింతచెట్ల దగ్గర ముగించాం. ముందు చెట్ల కిందే బెంచీలు వేయాలనుకున్నాం. పక్కింటి అవ్వ ఒప్పుకోలేదు. "కింద జనం చేరితే అవి గూడొదిలి లేస్తాయి నాయనా. ఎండకు గుడ్లు చెడతాయి, కాకులు పొడుస్తాయి" అంది. ఆ మాటతో బెంచీలు మానేసి, దూరంగా సున్నంతో గీత గీశాం. గీత దాటి ఎవరూ వెళ్లకూడదు, సభ్యులైనా సరే. ఈ ఏడాది మనం చేసిన మంచి పని ఇదేనని నా నమ్మకం.

ఉగాదికి ముందరి ఆదివారం తొలి నడక. ఊరి కుర్రవాళ్లే దారి చూపారు. కొంగ గూటి అంచున వాలి, ముక్కు వంచి చేపలు కక్కగానే పిల్లలు రొద చేస్తూ ఎగబడ్డాయి. ఒక చేప జారి గీత అవతల పడింది. బైనాక్యులర్ కోసం పోట్లాడుకుంటున్న మన పిల్లలు ఒక్కసారిగా నోరు మూశారు. డ్వాక్రా మహిళలు పెట్టిన ఉగ్గాని, బజ్జీ తిని లేపాక్షి గుడి చూసి వచ్చాం. టిఫిన్ డబ్బులు, దారి చూపినవారి కూలి ఊరివాళ్లకే అందాయి. ఇక ముందూ అంతే.

బాధ కలిగించిన సంగతీ చెప్పాలి. పేర్లిచ్చిన వాలంటీర్లలో సగం మంది రాలేదు, ఫోనైనా చేయలేదు. బోర్డులు మోసింది పెద్దవయసు సభ్యులే. అనుమతి కాగితం కోసం ఒక కార్యాలయానికి ఐదుసార్లు తిరిగాం. ప్రతిసారీ "సార్ లేరు, రేపు రండి" అన్నారు. బెంగళూరు నుంచి వెళ్లేవాళ్లకు ఆ రేపు ఎంత దూరమో వాళ్లు ఆలోచించలేదు.

జమాఖర్చులు ఆడిటర్ చూశారు, కాపీ కోశాధికారి దగ్గరుంది. బోర్డుల ఖర్చులో లోటును కార్యవర్గమే భరించింది.

బస్సు ఇచ్చిన సభ్యుడికి, బోర్డులకు బొమ్మలు గీసిన అక్కయ్యలకు, వంట చేసిన తల్లులకు, గ్రామపెద్దలకు, అవ్వకు కృతజ్ఞతలు. తర్వాతి నడకకు పేరిచ్చేవారు తెల్లవారుజామున నాలుగింటికి బస్సు దగ్గర ఉండగలిగితేనే ఇవ్వండి.

కార్యదర్శి