డీజిల్ లీకు పనికి మా షెడ్డులో పూట ఎందుకు పడుతుందంటే

"నట్టు బిగిస్తే పోయేదానికి పూటంతా ఎందుకన్నా?" అని అనంతపురంలో మా షెడ్డుకు ట్రాక్టర్లు, పాత లారీలు తెచ్చేవాళ్లు చాలామంది అడుగుతున్నారు. అడగాల్సిన మాటే. పొలం పనులు మొదలయ్యే ముందు దానికి జవాబు ఇక్కడే చెప్పేస్తున్నాం.

డీజిల్ కారే చోటు ఒకటి, బొట్టు పడే చోటు ఇంకొకటి. ఫ్యాన్ గాలికి డీజిల్ వెనక్కి కొట్టుకుపోతుంది, పైపు వెంబడి జారి కింద ఎక్కడో బొట్టుగా రాలుతుంది. దానిమీద మన ఎర్రదుమ్ము పడితే ఇంజను పక్కంతా ఒకే ముద్ద. అందుకే ముందు కిరసనాయిలుతో కడిగి, గాలి కొట్టి ఆరబెట్టి, జాయింట్ల మీద సుద్దపొడి చల్లుతాం. ఇంజను ఆడించి చూస్తే, అన్నిటికంటే పైన ఎక్కడ తడి గీత లేస్తుందో అదే లీకు. ఒక్కోసారి ఇంజను వేడెక్కాక గానీ బయటపడదు. పూట పట్టేది ఇక్కడే. ఒక మనవి: తెచ్చేముందు బండి కడిగించకండి. ఆ మురికిలోనే మాకు సగం ఆనవాలు దొరుకుతుంది.

బయటికి కారని లీకు ఇంకా మొండిది. ట్రాక్టరు ట్యాంకు పైన ఉంటుంది కాబట్టి జాయింటు వదులైతే డీజిల్ కారి కనిపిస్తుంది. లారీ ట్యాంకు కింద ఉంటుంది. ఫీడ్ పంపు డీజిల్ లాగేటప్పుడు ఆ వదులు జాయింటు గుండా గాలి లోపలికి పోతుంది, బయట చుక్క తడి ఉండదు. రాత్రి నిలబెట్టిన బండి తెల్లారి స్టార్ట్ కాదు, లోడు మీద గుటుక్కున ఆగిపోతుంది. చాలామంది ఎఫ్.ఐ. పంపు (ఇంజనులోకి డీజిల్ చిమ్మే నాజిళ్లకు ప్రెషర్ ఇచ్చే పంపు) పోయిందనుకుని విప్పించేది ఇప్పుడే. మేం ముందు ఫిల్టరుకూ ఎఫ్.ఐ. పంపుకూ మధ్య తెల్ల ప్లాస్టిక్ పైపు ముక్క తాత్కాలికంగా పెట్టి బుడగలు వస్తున్నాయా అని చూస్తాం. వస్తే ట్యాంకు దాకా ఒక్కో జాయింటు వెనక్కి వెతుక్కుంటూ పోవాలి. ఎండకు బిరుసెక్కిన రబ్బరు పైపు, క్లిప్పు కింద సన్నగా చీలి ఉండటం మామూలు. దాని బదులు నీళ్ల పైపు తొడగకండి, డీజిలుకు అది ఉబ్బి మెత్తబడుతుంది.

మూడో రకానికి మాత్రం ఆలస్యం చేయకండి. ఫీడ్ పంపు డయాఫ్రం (లోపలి పలచటి పొర) చినిగినా, స్పిండిల్ (లోపల ఆడే కడ్డీ) సీలు అరిగినా డీజిల్ ఇంజనాయిల్లో కలవొచ్చు. ఆయిలు పోయకుండానే డిప్‌స్టిక్ మీద లెవెల్ పెరిగి, ఆయిలు పలచబడి డీజిల్ వాసన వస్తుంటే ఇంజను ఆపేయండి. అలాగే నడిపితే బేరింగులు పోతాయి. ఫీడ్ పంపు బాగుచేశాక ఆయిలు, ఆయిల్ ఫిల్టరు కూడా మార్చాల్సిందే. ఆ ఖర్చు ముందే చెప్తాం.

ఇక మేం చేయని పనులు. బ్యాంజో బోల్టు (పైపు చివరి రింగును బిగించే, మధ్యలో బోలుగా ఉండే బోల్టు) విప్పితే పాత కాపర్ వాషర్లు మళ్లీ వేయం. ఒకసారి నలిగిన రాగి గట్టిపడి మళ్లీ సర్దుకోదు. పొలంలో గతిలేకపోతే ఎర్రగా కాల్చి చల్లార్చి, ఎమరీతో పొర తీసి వేసుకోండి, పని జరుగుతుంది. దారానికి టెఫ్లాన్ టేపు చుట్టం, ఆ పీలికలు నాజిల్లో ఇరుక్కుంటాయి. పంపు నుంచి నాజిల్‌కు పోయే ప్రెషర్ పైపు పగిలితే దానికి వెల్డింగు గానీ ఎమ్‌సీల్ గానీ పెట్టం, పైపు మార్చాల్సిందే. ఆ పైపులు పగిలేది ఎక్కువగా క్లాంపులు ఊడిపోయి అదరడం వల్ల, కాబట్టి క్లాంపులు కూడా వేస్తాం. ఆ పైపు చివర ఉండే యూనియన్ నట్టు కారుతుంటే మరీ బిగించకండి, పైపు మూతి నలిగి చీలుతుంది. విప్పేటప్పుడు పంపు మీద ఆ నట్టు ఎక్కే డెలివరీ వాల్వ్ హోల్డర్‌ను ఇంకో పానాతో పట్టుకోవాలి, లేకపోతే అదీ తిరిగి పంపు దగ్గర కొత్త లీకు మొదలవుతుంది.

ఇంజను ఆడుతుండగా ప్రెషర్ పైపుల దగ్గర లీకును చేత్తో తడమొద్దు, అట్టముక్క పెట్టి చూడండి. పాత ఇంజన్లలోనూ నాజిల్ తెరుచుకునేది 200 బార్ దరిదాపుల్లో, లారీ టైరులో ఉండేది 8 బార్ అటూఇటూ. ఆ సన్నటి ధార చర్మంలోకి దూరిపోతుంది. సూదిపోటంత మచ్చే కనిపించినా, నొప్పి లేకపోయినా వెంటనే పెద్దాసుపత్రికి పోయి, లోపలికి డీజిల్ దూరిందని డాక్టరుకు చెప్పండి.

పని అయ్యాక డీజిల్ లైనులో చిక్కిన ఎయిర్ తీయడం వరసగా: ముందు ఫిల్టరు స్క్రూ, తర్వాత ఎఫ్.ఐ. పంపు స్క్రూ వదులు చేసి, హ్యాండ్ ప్రైమరు (చేత్తో కొట్టే చిన్న పంపు)తో బుడగలు ఆగేదాకా. ఆఖరున నాజిల్ దగ్గర నట్లు వదులు చేసి సెల్ఫు కొట్టాలి. ఒక్కోసారికి 15 సెకన్లు మించొద్దు, మధ్యలో మోటారు చల్లారనివ్వాలి.

సెకనుకొక బొట్టు కారితే గంటకు 180 మిల్లీలీటర్లు, పది గంటల దున్నకానికి దాదాపు 2 లీటర్లు. ఇకనుంచి లీకు వెతికే కూలి వేరుగా, సామాన్లు వేరుగా బిల్లులో రాస్తాం, తీసిన పాత సామాన్లు మీ చేతికే ఇస్తాం. పది గంటలు నడిచాక ఒకసారి తీసుకురండి, జాయింట్లు మళ్లీ చూస్తాం. దానికి డబ్బులు తీసుకోం.