ఉబ్బలమడుగులో తువ్వాలు అందించిన అన్నకు

అన్నా, మీ పేరు అడగడం మర్చిపోయాను. చెన్నైలో అందరూ తడ జలపాతమని పిలిచే ఉబ్బలమడుగుకు మొన్న ఆదివారం మూడు క్యాంపర్ వ్యాన్లలో వచ్చిన తెలుగు కుటుంబాలు మావే. బండ్లు కిందే వదిలి, వాగు వెంట రాళ్ల మీదుగా నడిచొచ్చాం.

పాచి పట్టిన బండ మీద మా అమ్మాయి కాలు జారి మడుగులో పడింది. ఈత రాని పిల్ల. నేను తేరుకునేలోపే మీరు బండ మీద బోర్లా పడుకుని తువ్వాలు విసిరారు. దాని కొసను ఆ చిన్న గుప్పిళ్లు పట్టుకున్న తీరు ఇంకా కళ్లముందే ఉంది. "నీళ్లు కదలని చోటే లోతు తల్లీ" అన్నారు, దాని మోకాలికి అదే తువ్వాలు కడుతూ.

ఆ ఎర్రగళ్ల తువ్వాలు మా దగ్గరే ఉండిపోయింది. ఉతికి బండిలో పెట్టుకున్నాం. మీ రుణం తీరేది కాదన్నా. ఇంటిల్లిపాదీ మీకు దండం పెడుతున్నాం.