ప్రధానోపాధ్యాయురాలి లేఖ: మేడిచెట్టు కింద రెండో తరగతి

తల్లిదండ్రులకు నమస్కారం.

రెండో తరగతి పిల్లలు పోయిన వారం అడవికి వెళ్లొచ్చారు. వచ్చే గురువారం ఒకటో తరగతి వంతు. "జంతువులేమీ కనిపించలేదటండీ, అదేదో జూకే తీసుకెళ్తే సరిపోయేదిగా" అని కొందరు గేటు దగ్గర అడిగారు. అడగాల్సిన మాటే. జవాబు అందరికీ ఇక్కడే చెప్పేస్తాను.

బస్సెడు పిల్లలు కబుర్లాడుకుంటూ నడుస్తుంటే జింక కూడా ఆగదు, పులి సంగతి దేవుడెరుగు. పైగా అడవి జంతువుల్లో చాలామటుకు రాత్రిళ్లో, తెల్లవారుజామునో, సందెవేళో తిరుగుతాయి. మేం వెళ్లేది ఎండెక్కాక. ఆరేడేళ్ల పిల్లల కళ్లకు అందే అడవి నేలమీదా, చెట్ల మొదళ్ల దగ్గరా ఉంటుంది. మేం చూడటానికి వెళ్లింది దాన్నే.

మా నడక మేడిచెట్టు దగ్గర ఆగిపోయింది. కాయలు మానుకే గుత్తులు గుత్తులుగా అంటుకుని ఉండేసరికి పిల్లలు కదల్లేదు. కిందపడ్డ పండొకటి ఫారెస్ట్ గార్డు గారు చాకుతో కోసి చూపించారు. మేడిపండు పొట్ట విప్పితే పురుగులుంటాయని మనం చిన్నప్పటి నుంచీ వింటున్నదే, అదీ తిట్టుగా. ఆ పురుగులు లేకపోతే మేడికి గింజే కట్టదు. దాని పూలు బయట పూయవు, మనం కాయ అనుకునేదాని లోపలే సన్నసన్నగా ఉంటాయి. ఆవగింజంత కందిరీగ ఒకటి చివరనున్న చిన్న రంధ్రంలోంచి లోపలికి దూరుతుంది. ఆ ఇరుకులో రెక్కలు ఊడిపోతాయి. తాను పుట్టిన కాయ నుంచి మోసుకొచ్చిన పుప్పొడిని పూలకు అంటించి, గుడ్లు పెట్టి, అక్కడే చచ్చిపోతుంది. పుట్టినవాటిలో మగవాటికి రెక్కలుండవు. అవి బయటికి దారి తొలుస్తాయి, ఆడవి పుప్పొడితో ఆ దారిన ఎగిరిపోతాయి. "మరి మగవి?" అని ఒకడు అడిగాడు. చాలావరకు అక్కడే చచ్చిపోతాయని తెలిసి "అన్యాయం" అన్నాడు.

మర్రి, రావి, జువ్వి కూడా ఈ జాతివే. మామూలుగా ఒక్కోదానికి తనదైన కందిరీగ ఉంటుంది. ఇవన్నీ ఒకే కాలంలో కాయవు కాబట్టి, వేరే పళ్లు దొరకని రోజుల్లో పిట్టలకూ గబ్బిలాలకూ ఉడుతలకూ కోతులకూ ఇవే ఆధారం. తిన్నవి ఎక్కడెక్కడో రెట్ట వేస్తాయి, ఆ గింజలే మళ్లీ మొలుస్తాయి. చెట్లు కొట్టేసిన చోట ఏదో ఒక రకం మొక్కలు వరసగా నాటేస్తే అడవి తిరిగి రాదని పిల్లలకు ఎలా చెప్పాలా అనుకునేదాన్ని. ఆ పండు నా పని తేలిక చేసింది.

కోతుల మాట వచ్చింది కాబట్టి ఒకటి. కారాపి బిస్కెట్లు వేసేది పిల్లలు కాదు, మనమే. అలవాటుపడ్డ కోతులు రోడ్డు వదలవు. బళ్ల కింద పడతాయి, చేతిలోవి లాక్కుంటాయి, అడవిలో గింజలు చల్లే పనీ తగ్గిపోతుంది. దయచేసి మానేద్దాం.

ఎండిపోయిన మాను ఒకటి చూసి, దీన్నెందుకు తీసేయలేదని పిల్లలు అడిగారు. వడ్రంగిపిట్ట తొలిచిన తొర్రల్లో తర్వాత మైనాలు, చిన్న గుడ్లగూబలు కాపురం పెడతాయని గార్డు గారు చెప్పారు. ఇక అక్కడి నుంచి కనిపించిన ప్రతి తొర్రకూ "ఎవరిల్లు?" అనే ప్రశ్నే.

ఈకలు, గుల్లలు, గింజలు ఏవీ ఇంటికి తేకూడదన్నది మా నియమం. జేబుల్లో దాచుకున్నవాళ్లు లేకపోలేదు, బస్సెక్కేముందు పెట్టించేశాం.

ఒకటో తరగతి వాళ్లకు: పూర్తి చేతుల చొక్కా, ప్యాంటు, పాత బూట్లు, టోపీ, నీళ్ల సీసా. మట్టిరంగువో ఆకుపచ్చవో పాత బట్టలైతే మంచిది, సెంటు వద్దు. చిప్స్ ప్యాకెట్లు పంపితే బస్సులోనే ఉంచేస్తాం. తేనెటీగ కుడితే పడని పిల్లలున్నా, బస్సులో వాంతులయ్యే వాళ్లున్నా అనుమతి పత్రంలో తప్పకుండా రాయండి, మందు క్లాస్ టీచర్ చేతికే ఇవ్వండి. పాముల గురించి టెన్షన్ పడుతున్నవారికి: తొక్కి చదును చేసిన బాట దాటి ఎవర్నీ వెళ్లనివ్వం, రాళ్ల సందుల్లో చేతులు పెట్టనివ్వం, ముందూ వెనకా పెద్దవాళ్లుంటారు.

సంతకం చేసిన పత్రం సోమవారంలోగా డైరీలో పెట్టి పంపండి. జ్వరం తగిలితే ఆ రోజుకు ఇంట్లోనే ఉంచండి, తర్వాతి బ్యాచ్‌తో పంపుతాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు