2024-25 వార్షిక నివేదిక: గోరు మూయని తొడుగు

సభ్యులందరికీ నమస్కారం.

మన సంఘానికి మొదటి నుంచీ ఉన్న నియమం ఒక్కటే. ప్రతి ఒక్కరూ రోజుకు ఒక ఇబ్బందిని పుస్తకంలో రాయాలి. ఐడియా రాయక్కర్లేదు. ఎవరి చెయ్యి ఎక్కడ కష్టపడుతోందో, ఎవరు ఏ వస్తువును తమకు కావలసినట్టు వంచుకుని, కట్టుకుని, అతికించుకుని వాడుకుంటున్నారో రాస్తే చాలు. నెలలో మొదటి ఆదివారం పొద్దున్నే బెజవాడలో ఏదో ఒక చోటుకు కలిసి నడిచి వెళతాం. ఆ సాయంత్రం గవర్నరుపేట గదిలో పుస్తకాలు తెరిచి కూర్చుంటాం. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు ఈ పని ఎలా సాగిందో చెబుతున్నాను. గుంటూరులో మిరప తొడిమలు తీసేవాళ్ల వేళ్లకు తొడుగు చేసిన పనికి ఎక్కువ చోటు ఇచ్చాను. ఈ ఏడాది మనం నేర్చుకున్నది చాలావరకు అక్కడే.

వేసవిలో కాళేశ్వరరావు మార్కెట్టు, బందరు కాలవ గట్టు, మొగల్రాజపురం కొండ మెట్లు చూశాం. కొండ మెట్ల దగ్గర గ్యాస్ బండ మోసే కుర్రాడి వెనకాలే మనవాళ్లు పైదాకా ఎక్కారు. 14.2 కిలోల గ్యాసు, దానికి తోడు బండ బరువు, ఆ ఎండ. అతను అలిసిపోయినప్పుడు మెట్టు మీద దించలేదు. భుజం ఎత్తులో ఉన్న ఒక పిట్టగోడ దాకా ఓపిక పట్టి, వంగకుండా బండను దాని మీదికి జరిపి ఊపిరి పీల్చుకున్నాడు. "దించడం ఎంతసేపండీ, మళ్లీ ఎత్తుకోవడమే" అన్నాడు. పూర్వం బాటసారుల కోసం రోడ్ల పక్కన రెండు నిలువు రాళ్లు పాతి పైన అడ్డరాయి పెట్టింది ఇందుకే. తాపీ పని తెలిసిన మన సభ్యుడొకరు అక్కడివాళ్లను అడిగి, మెట్లు మలుపు తిరిగే రెండు చోట్ల భుజం ఎత్తులో చిన్న అరుగులు కట్టారు. సిమెంటు ఖర్చు సంఘానిది. ఇప్పుడు వాటిని బియ్యం బస్తాలకూ, మంచినీళ్ల టిన్నులకూ వాడుతున్నారు.

సెప్టెంబరు నడక జరగలేదు. 2024 సెప్టెంబరు 1 ఆదివారం, బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లన్నీ నీళ్లలో మునిగాయి. మన సభ్యుల్లో కొందరు పై అంతస్తుల్లో చిక్కుకుపోయారు. ఆ వారం ఎవరినీ పుస్తకం రాయమని అడగలేదు. అయినా అక్టోబరులో ఒక సభ్యురాలు నీళ్లకు ఉబ్బిపోయిన పుస్తకం తెచ్చారు. అందులో తాడు కట్టిన బక్కెట్టు బొమ్మ ఉంది. కిందకి పడవ వచ్చినప్పుడు పాలూ బ్రెడ్డూ అందుకోవడానికి మేడ మీది నుంచి వదిలిన బక్కెట్టు. బొమ్మ పక్కన ఆమె రాసింది రెండే మాటలు: "చేతులు కోసుకుపోయాయి." పిట్టగోడకు తగిలించుకునే చిన్న గిలక ఒకటి చేయాలని అప్పుడే అనుకున్నాం. వచ్చే వానాకాలంలోపు అది పూర్తి కావాలని నా కోరిక. ఈ ఒక్క విషయంలో ఆలస్యం చేయొద్దని అందరినీ అడుగుతున్నాను.

అక్టోబరు, నవంబరుల్లో రెండు ప్రసంగాలు పెట్టుకున్నాం. మొదటిది లకుముకి పిట్ట గురించి. జపాన్‌లో బులెట్ రైళ్లు సొరంగంలోకి వేగంగా దూసుకెళ్లినప్పుడు గాలి ఒత్తుకుపోయి, అవతలి గుమ్మం దగ్గర ఫిరంగి పేలినట్టు మోత వచ్చేది. పక్షులను గమనించే అలవాటున్న ఇంజినీరు ఎయిజీ నకత్సు, లకుముకి పిట్ట పెద్దగా చప్పుడు లేకుండా నీళ్లలోకి దూకడం గుర్తుచేసుకుని రైలు ముక్కును దాని ముక్కులా సాగదీయించారు. 500 సిరీస్ రైళ్లు 1997లో పట్టాలెక్కాయి. ఆ పిట్ట మన కాలవల మీది కరెంటు తీగెల మీద రోజూ కూర్చునేదే. ఆ తర్వాతి ఆదివారం బందరు కాలవ గట్టున పిల్లలు గంటన్నర కదలకుండా కూర్చుని, అది దూకడం మూడుసార్లు చూశారు.

రెండోది చింతకింది మల్లేశం గారి ఆసు యంత్రం గురించి. పోచంపల్లి రకం చీరకు ఆసు పోయడమంటే, నేతకు ముందు మేకుల చుట్టూ నూలును చేత్తో వేల సార్లు తిప్పాలి. రోజుకు రెండు చీరలకు పోస్తే చెయ్యి 18 వేల సార్లు కదులుతుందని లెక్క. అమ్మ భుజం నొప్పి చూడలేక ఆయన మొదలుపెట్టిన యంత్రం 1999లో పూర్తయింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. మాకు బాగా పట్టింది ఇంకో సంగతి. చివరి కదలిక దగ్గర పని ఆగిపోయినప్పుడు, హైదరాబాదులో ఒక వర్క్‌షాపులో వేరే పనికి వాడే మిషను తిరగడం చూశాక ఆయనకు దారి దొరికింది. ఆ మాట మాకు గుంటూరులో అక్కరకొచ్చింది.

డిసెంబరులో కొండపల్లి వెళ్లాం. తెల్ల పొణికి చెక్కను చెక్కగా మిగిలిన పొట్టునే చింతగింజల పిండితో కలిపి మక్కు చేసి, బొమ్మ భాగాలను అతికిస్తారు. ఆ మక్కు వాసన చూసి, వేళ్ల మధ్య నలిపి చూసి వచ్చారు పిల్లలు.

ఇక గుంటూరు. జనవరిలో పొద్దున్నే రైలెక్కి, మిర్చి తొడిమలు తీసే ఒక షెడ్డుకు వెళ్లాం. తొడిమ లేని కాయకు కారం మిల్లులవాళ్లూ ఎగుమతిదారులూ వేరే ధర ఇస్తారు కాబట్టి ఆ పని సీజనంతా ఉంటుంది. కిలోల లెక్కన కూలి. గుమ్మంలోనే ఘాటు తగిలి తుమ్ములతో పది నిమిషాలు బయట నిలబడిపోయాం. లోపల ఆడవాళ్లు మూతికి పమిట చుట్టుకుని తెల్లవారినప్పటి నుంచీ కాయల రాశి ముందు కూర్చునే ఉన్నారు. "రాత్రి అన్నం కలుపుకుంటే వేళ్లు మండుతయ్యి, మనవడి మొహం తుడవాలన్నా భయమే" అని ఒకావిడ చెప్పారు. మిరపలోని మంట పదార్థం నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే వాళ్లు పనికి ముందూ తర్వాతా కొబ్బరి నూనె రాసుకుంటారు. ఎవరూ చెప్పకుండానే వాళ్లకు తెలిసిన సంగతి అది.

మేం రబ్బరు గ్లవుజులు పట్టుకెళ్లాం. అరగంటకే అందరూ తీసి పక్కన పెట్టేశారు. చెమటకు చెయ్యి నానిపోతుంది, కాయ చేతికి తెలియదు, పని సగానికి పడిపోతుంది. ఉత్త చేతులతో తిరిగొచ్చాం అనుకున్నాం. ఆ సాయంత్రం పుస్తకాలు తెరిచినప్పుడు, డిజైన్ చదువుకుంటున్న మన అమ్మాయి గీసిన ఒక చేతి బొమ్మలో చూపుడువేలికి నల్లటి ఉంగరంలాంటిది కనిపించింది. అదేమిటని అడిగితే తనకూ తెలియదంది. కనిపించింది కాబట్టి గీసింది.

రెండోసారి వెళ్లి ఆ చెయ్యి ఎవరిదో వెతికాం. షెడ్డులో అందరూ పెద్దమ్మా అని పిలిచే ఆవిడది. సైకిల్ ట్యూబును అంగుళం ముక్క కోసి వేలికి తొడుక్కుంది. మండే చోటు, కాయ ఒరుసుకునే చోటు అదేనట. మాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. ఆటోనగర్ నుంచి పాత ట్యూబులు తెచ్చి, బొటనవేలికీ చూపుడువేలికీ టోపీల్లా చక్కగా కుట్టి పట్టుకెళ్లాం. పెద్దమ్మ ఒకటి పెట్టుకుని, నాలుగు కాయలు తీసి చూసి తిరిగి ఇచ్చేసింది.

"గోరు మూసేస్తే తొడిమ ఎట్టా ఊడుద్ది అమ్మాయ్?"

పని చేసేది గోరు. దాన్నే మేం కప్పేశాం. అప్పుడు మన అమ్మాయి ఆవిడ పక్కనే కింద కూర్చుని, కత్తెర ఆవిడ చేతికే ఇచ్చింది. "మీరే కోయండి పెద్దమ్మా" అంది. గోరు వైపు తెరిచి, అంచు కొంచెం ఏటవాలుగా, మడత పడకుండా కోసి ఇచ్చిందావిడ. లారీ ట్యూబు మందం, సైకిల్ ట్యూబే సరి అని కూడా తేల్చేసింది. ఈ ఏడాది మన సంఘంలో జరిగిన అతి మంచి డిజైన్ పని ఆ కత్తెర పనే అని నా అభిప్రాయం.

ఇంకో చిక్కు వచ్చింది. చేతి నూనెకు ట్యూబు రబ్బరు ఉబ్బి, నాలుగు రోజులకు వదులైపోతోంది. ఆ టెన్షన్‌లో ఉండగా, ఆటోనగర్‌లో ఆయిల్ సీల్స్ (ఇంజన్లలో నూనె కారకుండా వేసే రబ్బరు చుట్లు) అమ్మే ఒకాయన మా మాటలు విని, "నూనెలో నానేదానికి నైట్రైల్ రబ్బరు వాడాలి గానీ ట్యూబేంటండీ" అన్నారు. మల్లేశం గారికి లాగే మాకూ వేరే పనికి వాడే వస్తువే దారి చూపింది. ఇంజను నూనెకు తట్టుకునే సీలు, మిరపకాయ చేతి నూనెకు తట్టుకోదా? ఆయన ఇచ్చిన పల్చటి షీటుతోనే ఇప్పటి తొడుగులు చేశాం. మార్చిలో షెడ్డులో పన్నెండు మందికి ఇచ్చాం. ఆ రెండు వేళ్ల మంట తగ్గిందని చెబుతున్నారు. అరచేతి మంట అలాగే ఉంది. ముక్కులో ఘాటుకు మేం ఇంకా ఏమీ చేయలేకపోయాం.

ఒక హెచ్చరిక. మన సభ్యుడొకరు తాను చేసిన వస్తువు వీడియోను ఉత్సాహం కొద్దీ అన్ని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేశారు. కొన్ని నెలలకు అలాంటిదే ఒక దుకాణంలో అమ్మకానికి కనిపించింది. ఆయన బాధ మేమందరం చూశాం. పేటెంటు కావాలంటే వస్తువు లోకానికి కొత్తదై ఉండాలి. మనమే ముందు చూపించేస్తే ఆ కొత్తదనం పోతుంది. పూర్తి వివరాలు సిద్ధంగా లేకపోయినా ప్రొవిజనల్ దరఖాస్తు పెట్టుకుని, 12 నెలల్లోపు పూర్తి వివరాలు ఇవ్వొచ్చు. పేటెంటు వస్తే దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు ఉంటుంది. వస్తువు రూపానికి మాత్రమే రక్షణ కావాలంటే డిజైన్ రిజిస్ట్రేషన్ ఉంది. అది 10 ఏళ్లు, ఇంకో 5 ఏళ్లు పొడిగించుకోవచ్చు. వేలి తొడుగుకు ఇవేవీ వద్దని సర్వసభ్య సమావేశంలో అనుకున్నాం. ఆ కోత పెద్దమ్మది. ఎవరైనా చేసుకోవచ్చని ఆవిడే అంది.

జమాఖర్చుల పట్టిక, ఆడిటర్ సంతకంతో, గదిలో గోడకు అంటించాం. అనుమానాలుంటే కోశాధికారిని అడగండి. కొత్త పుస్తకాలు వచ్చాయి. ఈసారి గీతల్లేని కాగితం వేయించాం, బొమ్మలు గీయడానికి వీలుగా. మొదటి ఆదివారం పొద్దున ఐదున్నరకు రైల్వే స్టేషన్ దగ్గర కలుద్దాం. గుంటూరు షెడ్డుకే, ముక్కు ఘాటు సంగతి చూడటానికి. ఆస్తమా ఉన్నవాళ్లు రావద్దు. వచ్చేవాళ్లు కళ్లద్దాలు తెచ్చుకోండి.

ఇట్లు,
కార్యదర్శి